పాటలు దాటేస్తే మిస్సమ్మలో ఏం మిగులుతుంది?

ప్రశ్న: పోయిన సంక్రాంతికి ఇంటిల్లిపాదీ, మొత్తం 14 మందిమి, కూర్చుని మిస్సమ్మ పెట్టుకున్నాం. సినిమా 3 గంటలని చూసి మా అల్లుడు రిమోట్ పట్టుకుని పాట వచ్చినప్పుడల్లా ముందుకు తోసేశాడు. అయినా గంట తిరక్కుండానే సగం మంది లేచిపోయారు. అమెరికా నుంచి వచ్చిన మనవడు చివరిదాకా కూర్చున్నాడు గానీ, "అమ్మమ్మా, వీళ్ళిద్దరూ ఎంతసేపూ పోట్లాడుకుంటూనే ఉన్నారు, మరి ప్రేమ ఎప్పుడు పుట్టింది?" అన్నాడు. మా పెద్ద కోడలు తమిళమ్మాయి. "ఆ అమ్మాయి హిందువుల బిడ్డేనని చివర్లో తేల్చేయడం ఏం న్యాయం అత్తయ్యా?" అంది. ఇద్దరికీ జవాబు చెప్పలేకపోయాను. నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఈ పండక్కి మళ్ళీ అందరూ వస్తున్నారు. ఎలా చూపిస్తే కూర్చుంటారు? ఈ సినిమాలో ఏముందని అడిగితే ఏం చెప్పాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ మనవడి ప్రశ్నకీ మీ అల్లుడి రిమోట్‌కీ సంబంధం ఉందమ్మా. ఆ ప్రేమ పుట్టింది పాటల్లోనే. వాటిని తోసేశాక మిగిలేది ఇద్దరి పోట్లాటే కాబట్టి, కుర్రాడు చూసినది చూసినట్టే చెప్పాడు. అన్ని సినిమాల్లోనూ ఇలా జరగదు. పాట తీసేస్తే కథకి ఏమీ కాని సినిమాలు బోలెడన్ని ఉన్నాయి. మిస్సమ్మ అలాంటిది కాదు. దాన్ని నిలబెట్టే కీళ్ళన్నీ పింగళి నాగేంద్రరావు రాసిన పాటల్లో ఉన్నాయి.

సినిమా చూడని పాఠకుల కోసం కథ రెండు ముక్కల్లో. అప్పాపురం జమీందారు గోపాలం తన ఊళ్ళో బడికి బి.ఏ. చదివిన భార్యాభర్తలే పంతులూ పంతులమ్మగా కావాలని ప్రకటన ఇస్తాడు. ఉద్యోగం లేని ఎం.టి. రావు, అప్పుల్లో ఉన్న మేరీ ఆ ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి అక్కడ చేరతారు. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. గోపాలానికి చిన్నప్పుడే తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి ఉంది. ఆమెను కాలి మీది పుట్టుమచ్చ ఆధారంగా వెతికే ఔత్సాహిక డిటెక్టివ్ మేనల్లుడు రాజు ఉన్నాడు. రాజుకి ఇచ్చి చేద్దామనుకుంటున్న చిన్న కూతురు సీత ఉంది. ఎన్టీఆర్, సావిత్రి, ఎస్వీ రంగారావు, అక్కినేని, జమున వరసగా ఈ పాత్రలు వేశారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో విజయా వాళ్ళు తీసిన ఈ సినిమా 1955 జనవరి 12న, సరిగ్గా సంక్రాంతి ముంగిట విడుదలైంది.

నకిలీ దంపతుల కథలు ఆ తర్వాత మనకి లెక్కలేనన్ని వచ్చాయి. ఎక్కువ భాగం చప్పబడడానికి కారణం ఒకటే: ఆ అబద్ధం ఎందుకు ఆడాల్సి వచ్చిందో ప్రేక్షకుడికి నమ్మకం కుదరదు. "నిజం చెప్పేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు?" అని మొదటి పావుగంటలోనే అనిపిస్తే ఆపైన ఏ హాస్యమూ పండదు. మిస్సమ్మలో ఆ అవకాశం ఇవ్వలేదు. మేరీ పెంపుడు తండ్రి, డేవిడ్ అనే మనిషికి బాకీ పడ్డాడు. ఆ బాకీ చూపించి డేవిడ్ ఆమెను పెళ్ళాడతానని పట్టుబడుతున్నాడు. జీతం రాకపోతే పెళ్ళి తప్పదు. నిజం చెబితే జీతం రాదు. ఈ ముడి మొదట్లోనే పడిపోతుంది. మీ వాళ్ళు ఫోన్లలోంచి తలెత్తి చూసేసరికి ఈ భాగం దాటిపోయి ఉంటుంది, అందుకే తర్వాత మేరీ చిరాకంతా ఊరికే గయ్యాళితనంలా కనిపించి ఉంటుంది. ఈసారి ఎవరు ఆలస్యంగా వచ్చినా సరే, మళ్ళీ మొదటికి తిప్పి పెట్టండి. తర్వాత ఒక సన్నివేశం పోయినా కూడదీసుకోవచ్చు గానీ, ఇది పోతే కుదరదు.

అబద్ధం గుట్టు తెలిసినవాళ్ళ లెక్క కూడా గమనించదగ్గది. ఆ ఇంట్లో రావు, మేరీ కాక ఇంకొక్కడికే తెలుసు: వాళ్ళ వెంట వచ్చిన దేవయ్య, అంటే రేలంగి. ఎవరికీ తెలియకపోతే ఆ ఇద్దరూ ఎవరి దగ్గరా మనసు విప్పలేరు. పదిమందికి తెలిస్తే భయమే ఉండదు. ఒక్కడికి తెలియడం సరైన పాళ్ళు. ఆ ఒక్కడూ బిచ్చమెత్తుకుని బతికినవాడు కావడం ఇంకా బాగుంది, ఎందుకంటే నాటకాలాడి పొట్ట పోసుకోవడంలో వీళ్ళిద్దరికంటే అతనికే అనుభవం ఎక్కువ.

ఇక గోపాలం దంపతులు చెడ్డవాళ్ళు కారు, అక్కడే ఉంది చిక్కంతా. చెడ్డ యజమానిని మోసం చేస్తే చూసేవాడికి సంతోషమే. ఇంత మంచివాళ్ళని మోసం చేస్తుంటే నవ్వుతో పాటు గుబులు కూడా ఉంటుంది. వాళ్ళు ప్రేమ చూపించిన కొద్దీ అబద్ధం బరువెక్కుతుంది. సొంత కూతురూ అల్లుడూ అన్నట్టు చూసుకుంటారు, చివరికి వ్యవహారం సీమంతం పాట దాకా వెళ్తుంది. పక్క పక్కన కూర్చోవడానికే ఒప్పుకోని మనిషిని అలా కూర్చోబెడితే ఆమె ముఖం ఎలా ఉంటుందో ఆ పాటలో చూడండి. ఒక మాట పక్కగా: రంగారావు పుట్టింది 1918లో, ఎన్టీఆర్ 1923లో. ఇద్దరికీ తేడా ఐదేళ్ళే. 36 ఏళ్ళ మనిషి ఆ తెల్లజుట్టు పెద్దరికం ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో మీ పిల్లల్ని అడగండి.

ఇప్పుడు పాటలు. "రావోయి చందమామ" మనందరి నోళ్ళలో ఎంత నానిపోయిందంటే, దాన్ని వెన్నెల్లో ప్రేమయుగళం అనుకుని పాడేస్తాం. మాటలు విని చూడండి. ఆ పాటలో రావూ మేరీ ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా మాట్లాడుకోరు. ఇద్దరూ చందమామతోనే చెప్పుకుంటారు, అదీ ఒకరి మీద ఒకరు పితూరీలు. నాలాంటి బుద్ధిమంతుడికి ఇలాంటి భార్య దొరికి బతుకు సతమతమైపోయింది అని అతను. మాట ఇచ్చి తీసుకొచ్చాడు, ఆ మాటలన్నీ బూటకమయ్యాయి, నటనలు మాత్రం బాగా నేర్చాడు అని ఆమె. ఆమె మతం ఆమెదే, మనది ఆమెకి పడదు అని మళ్ళీ అతను. నాతో తగువు పడడమే ఆయనకి ముచ్చటేమో అని మళ్ళీ ఆమె. వీధి అరుగు మీద పెద్దమనిషి ముందు నిలబడిన దంపతుల పంచాయితీ ఇది. ఇంత పేచీ మధ్య పల్లవి మాత్రం ఇద్దరికీ ఒకటే, మా వింత కథ వినమని. కథ ఇద్దరిదీ అని అప్పటికే ఒప్పేసుకున్నారన్నమాట. పోట్లాడుతున్నామని వాళ్ళనుకుంటున్నారు, కాపురం చేస్తున్నారని మనకి తెలుస్తోంది. సంగీత దర్శకుడు రాజేశ్వరరావు కట్టిన వరస దీనికి విరుద్ధంగా ఎంత నెమ్మదిగా, ఎంత లాలనగా ఉంటుందో వినండి. మాటలు ఒక దారి, రాగం ఒక దారి. మీ మనవడికి జవాబు కావాలంటే ఈ పాట దగ్గర రిమోట్ అల్లుడి చేతిలోంచి తీసేసుకోండి, చాలు.

దీని పక్కనే "ఏమిటో ఈ మాయ" పెట్టి చూడండి. తీర్పు చెప్పమని పితూరీ చేసుకున్న ఆ చందమామనే మేరీ ఒంటరిగా పలకరిస్తుంది, తనకేమవుతోందో తనకే తెలియక. రావు ఎదురుగా ఉంటే ఈ మాట ఆమె చచ్చినా అనదు. ప్రేమ ఎప్పుడు పుట్టిందో చూపించే సన్నివేశం మాటల్లో ఎక్కడా లేదు, ఇక్కడే ఉంది.

"బృందావనమది అందరిది" ఇంకా గడుసైనది. పైకి అది సంగీతం పంతులుగా రావు, శిష్యురాలు సీతకి నేర్పుతున్న కృష్ణుడి పాట. గోవిందుడు అందరివాడు కదా రాధా, నీకెందుకు ఈసు, అసూయ అని అడుగుతుంది. రాధ ఎవరో గదిలో ఉన్న సీతకి తెలియదు. పక్కనుంచి ఉడుక్కుంటూ చూస్తున్న మేరీకి బాగా తెలుసు. భార్యగా నటిస్తున్న మనిషికి నిజం భార్యకి రావాల్సిన కోపం వచ్చేసింది, పైగా ఆ కోపం చూపించే హక్కు ఆమెకి లేదు. ఈ పాట తోసేస్తే తర్వాత ఆమె మూతి ముడుపు అర్థం కాదు. అటు ఇంకో జంట ఉంది. పుట్టుమచ్చ కోసం రాజు మేరీ వెంట కన్నేసి తిరుగుతుంటే సీత దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటుంది. ఒకే ఇంట్లో రెండు అసూయలు, రెండిటికీ ఆధారం లేదు.

"తెలుసుకొనవె" రెండు సార్లు వస్తుంది, వరస ఒకటే. మగవాళ్ళకి దూరంగా మెలగాలి అని చెల్లికి చెప్పేది మేరీ పాఠం. యువకుల్ని శాసించడానికే యువతులు పుట్టారట అని ఎత్తిపొడిచేది రావు పాఠం. ఎదురెదురుగా వాదించుకోలేని ఇద్దరు శిష్యురాలిని అడ్డం పెట్టుకుని వాదించుకుంటారు. ఒకటి చూసి ఒకటి వదిలేస్తే రెండూ వ్యర్థం.

గొంతుల పంపకం కూడా పిల్లలకి చెప్పండి, సరదాగా పట్టుకుంటారు. సావిత్రికి ముఖ్యంగా పి. లీల, జమునకి పి. సుశీల, ఎన్టీఆర్‌కి ఎ.ఎం. రాజా పాడారు. రేలంగి తన "ధర్మం చెయ్ బాబూ" తనే పాడుకున్నాడు. ఘంటసాల ఒక్క పాటా పాడలేదు. ఆ తర్వాత ఎన్టీఆర్‌ని మనం చూసిన పాత్రల గంభీరం ఈ రావుకి ఉండకూడదు. ఇతను మాట పడి ఊరుకునే మనిషి, రాజా మెత్తని గొంతు అందుకే అతికింది. అలాగే లీల ఒకే సినిమాలో ఒకే పాత్రకి "కరుణించు మేరిమాతా" పాడింది, త్యాగరాజస్వామి ఆందోళిక రాగ కీర్తన "రాగసుధారస" కూడా పాడింది. మేరీ లోపల ఎవరు, బయట ఎవరు అన్నది ఆ రెండు పాటలు చాలు చెప్పడానికి.

సావిత్రి గురించి ఒక్క పేరా ఇవ్వకపోతే అన్యాయం. ఈ పాత్ర మొదట భానుమతిది. కొంత చిత్రీకరణ అయ్యాక ఆమె తప్పుకోవాల్సి రావడంతో, సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, సీత జమునకి వెళ్ళింది. అప్పటికి సావిత్రికి ఇరవై నిండలేదు. ఆమె ఈ సినిమాలో నవ్వించాలని ఎక్కడా ప్రయత్నించదు, గమనించండి. చుట్టూ రేలంగి, రమణారెడ్డి, అక్కినేని తలో రకంగా అల్లరి చేస్తుంటే ఆమె మాత్రం ఇదంతా ప్రాణాంతకమైన వ్యవహారం అన్నట్టే ఉంటుంది. ఆమె నిజంగా చిరాకు పడుతోంది కాబట్టే మనకి నవ్వొస్తుంది. హాస్యచిత్రంలో నాయిక కూడా జోకులు వేయడం మొదలుపెడితే నవ్వడానికి ఇంకెవరూ మిగలరు. ఇటు అక్కినేని సంగతి తిరగబడింది. దేవదాసు వచ్చి రెండేళ్ళు కాలేదు, ఆ విషాదం ముద్ర చెరిపేసుకోవడానికే ఈ తింగరి డిటెక్టివ్ వేషం కోరి వేశాడంటారు. అంత పెద్ద హీరో రెండో వేషానికి ఒప్పుకుని, అందులోనూ నవ్వులపాలవడానికి సిద్ధపడడం ఇప్పటివాళ్ళకి ఆశ్చర్యంగానే ఉంటుంది.

మీ కోడలి ప్రశ్నకి వస్తే, ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. మీరు సినిమా తరఫున వకాల్తా పుచ్చుకోకండి. పుట్టుక వేరు, మతం వేరు అయిన ఇద్దర్ని ఒక చూరు కింద పెట్టిన కథ, తీరా పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి పుట్టుమచ్చ చూపించి చిక్కు విప్పేసింది. మేరీ నిజంగా క్రైస్తవుల బిడ్డే అయితే గోపాలం ఇంట్లో ఏం జరిగేది? సినిమా ఆ ప్రశ్న వేయలేదు. అది లోటే. అయితే రెండు విషయాలు ఆమెకి చూపించండి. మేరీ ప్రార్థనని ఎక్కడా వేళాకోళం చేయలేదు, ఆ పాటని ఎంత శ్రద్ధగా తీశారో మిగతా భక్తిపాటలతో పోల్చి చూడమనండి. రెండోది, గోపాలం దంపతులు ఆమెని కూతురిలా చూసుకోవడం మొదలుపెట్టింది కూతురని తెలియకముందే. "అవునంటే కాదనిలే" పాట మీద మనవరాళ్ళు అభ్యంతరం పెడితే కూడా ఒప్పేసుకోండి. ఉడుక్కునే భార్యని ఆటపట్టించే సందర్భంలో అది నవ్వొస్తుంది, జీవిత సత్యంగా తీసుకుంటే రాదు. ఆ పల్లవిలోని "ఆడవారి మాటలకు అర్థాలే వేరులే" అన్న మాటలే పేరుగా 2007లో ఇంకో సినిమా వచ్చింది, అంత వాడుకలోకి పోయింది.

మీ కోడలితో ఇంకో మంచి దారి ఉంది. ఇదే కథని ఇదే నిర్మాతలు, ఇదే దర్శకుడు అప్పుడే తమిళంలో మిస్సియమ్మగా తీశారు. అదీ 1955 జనవరిలోనే వచ్చింది. సావిత్రి, రంగారావు, జమున రెండిటిలోనూ ఉన్నారు. ఎన్టీఆర్ వేషం జెమినీ గణేశన్‌ది, అక్కినేని వేషం హాస్యనటుడు తంగవేలుది. తెలుగులో అగ్రహీరో చేసిన పాత్రని తమిళంలో కమెడియన్ చేస్తే రాజు ఎలా మారిపోయాడో ఇద్దరూ కలిసి చూడండి. "వారాయో వెణ్ణిలావే" వాళ్ళమ్మ పాడుతుంటే ఆమె చిన్నప్పుడే విని ఉంటుంది. రెండు భాషల్లోనూ రాజా, లీల గొంతులే. హిందీలో ఇదే కథ 1957లో మిస్ మేరీ, అందులో మేరీగా మీనా కుమారి.

ఇక పండగ రోజు ఏర్పాట్లు.

ముందు సరైన కాపీ. మిస్సమ్మ అని వెతికితే 2003లో భూమిక నటించిన సినిమా కూడా వస్తుంది. అది వేరే కథ, మంచిదే గానీ మీకు కావాల్సింది కాదు. దొరికిన కాపీ నిడివి చూడండి: 3 గంటలకి దగ్గరగా ఉండాలి. రెండున్నర గంటలోపు ఉంటే మీ అల్లుడి పని ఎవరో ముందే చేసిపెట్టారని అర్థం. పండక్కి రెండు మూడు రోజుల ముందే మొదలు, మధ్య, చివర తలా ఐదు నిమిషాలు చూసి ధ్వని ఆగిపోతోందా, మాటకీ పెదవికీ పొంతన ఉందా సరిచూసుకోండి. మనవలకి ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు కావాలంటే పాటలకి కూడా ఉన్నాయో లేదో చూడండి. చాలా పాత సినిమాల్లో మాటలకి వేసి పాటలకి వదిలేస్తారు. ఈ సినిమాకి అదే జరిగితే పాటల అర్థం మీరే రెండేసి వాక్యాల్లో కాగితం మీద రాసి ముందే చేతికివ్వడం మేలు. పాట నడుస్తుండగా వివరించకండి, వాళ్ళు అటూ వినరు, ఇటూ వినరు.

బొమ్మ ఆకారం ముఖ్యం. ఆ రోజుల తెర ఇప్పటి టీవీలాగా బారుగా ఉండేది కాదు, దాదాపు 4:3. ఇప్పటి టీవీలు 16:9. టీవీ నిండా వచ్చేలా సాగదీస్తే సావిత్రి ముఖం వెడల్పైపోతుంది, అందరూ పొట్టిగా బొద్దుగా కనిపిస్తారు, ఎందుకో తెలియని చికాకు పుడుతుంది. పాత సినిమాలు "బాగోవు" అనిపించడానికి ఇదో పెద్ద కారణం. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ సైజు ఒరిజినల్ లేదా 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తే సరిగ్గా ఉన్నట్టే, తెర వెడల్పులో దాదాపు పావు వంతు అలా పోతుంది. కాపీలోనే సాగదీసి ఉందేమోనని అనుమానం వస్తే, నిండు చందమామో నుదుటి బొట్టో కనిపించే చోట ఆపి అడ్డంగా, నిలువుగా స్కేలు పెట్టి కొలవండి. అడ్డం ఎక్కువుంటే టీవీని 4:3కి మార్చగానే సరిపోతుంది. అలాకాక తలలూ పాదాలూ కోసేసి తెర నింపిన కాపీ అయితే దానికి మందు లేదు, వేరేది వెతకండి.

కొత్త టీవీల్లో కదలిక నునుపు చేసే మోషన్ సెట్టింగు ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఏ సినిమా అయినా సీరియల్లా కనిపిస్తుంది, ఆపేయండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే ఫిల్ము గరుకంతా చీమల్లా పాకుతుంది. సినిమా మోడ్ ఉంటే అదే పెట్టండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెల్ని నలుపు, తెలుపు మధ్య ఉన్న బూడిదరంగు మెట్లతో తీశాడు. వెలుతురు అతిగా పెంచితే ఆ మెట్లన్నీ ఒకటైపోయి రాత్రి కాస్తా మబ్బుపట్టిన మధ్యాహ్నమవుతుంది. కిటికీలకి దుప్పట్లు వేలాడదీసినా సరే, గది చీకటి చేయండి.

14 మందికి 43 అంగుళాల టీవీ చాలదు, వెనక వరసకి ముఖంలో మార్పులు కనబడవు. ఈ సినిమా నడిచేదే ముఖాల మీద. ప్రొజెక్టర్ అద్దెకి దొరికితే 6 అడుగుల వెడల్పు తెర చాలు, అందులో బొమ్మ నాలుగున్నర అడుగులు వస్తుంది. ధ్వని అప్పట్లో ఒకే ట్రాకు. సౌండ్ బార్ ఉంటే సరౌండ్, బాస్ రెండూ ఆపి, మాటలు స్పష్టంగా వినిపించే వాయిస్ మోడ్ పెట్టండి. బాస్ పెంచితే గరగర పెరుగుతుందే గానీ మాట తేటపడదు.

వేళ సంగతి. భోగి నాడు తెల్లవారుజామునే లేచినవాళ్ళు మధ్యాహ్నానికే తూగుతారు. సంక్రాంతి నాడు వచ్చేపోయే చుట్టాలు. కనుమ మేలు, ఆ రోజు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. భోంచేసిన వెంటనే మాత్రం వద్దు. గారెలూ కోడికూరా తిని చీకటి గదిలో కూర్చుంటే ఎన్టీఆర్ వచ్చినా లేపలేడు. సాయంత్రం 5 గంటలకి మొదలుపెట్టండి, గంటన్నర దాటాక ఒక పాట పూర్తయిన చోట ఆపి 15 నిమిషాలు టీ, అరిసెలు, జంతికలు. జంతికలు సినిమా నడుస్తుండగా పంచకండి, 14 మంది నములుతుంటే పింగళి వినబడడు. ఎనిమిదిన్నరకి అయిపోతుంది. రెండు రోజులకి విడగొట్టడం వద్దు. ఎవరి దగ్గర ఏ అబద్ధం ఆడారో మర్నాటికి మర్చిపోతారు, నవ్వు ఆ జ్ఞాపకం మీదే ఆధారపడి ఉంది.

ముందుమాట రెండు నిమిషాలకి మించకూడదు. బి.ఏ. చదివినా ఉద్యోగం దొరకని రోజులని, ఊరి బడి జమీందారు చేతిలో ఉండేదని, దేవయ్య అడిగే కాణీ రూపాయిలో 64వ వంతని (1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు లెక్క) చెబితే చాలు. మహాలక్ష్మి ఎవరో చెప్పకండి. పిల్లలు ఎలాగూ పట్టేస్తారు, పట్టేశాక మిగతావాళ్ళకంటే ముందు తమకే తెలిసిందని మరింత శ్రద్ధగా చూస్తారు. మీ మనవడికి ఒక పని అప్పగించండి: రావూ మేరీ మొదటిసారి ఒకరిని ఒకరు వెనకేసుకొచ్చింది ఎప్పుడో పట్టుకోమనండి. ఇంకెవరికైనా అబద్ధాల లెక్క రాసే పని ఇవ్వండి.

ఇంకొక్కటి, కొంచెం కష్టమైనది. పదిసార్లు చూసినవాళ్ళంతా వెనక వరసలో కూర్చోవాలి, మీతో సహా. రమణారెడ్డి నోరు తెరవకముందే ఆ మాట మీరు అనేస్తే, మొదటిసారి వినేవాడికి రెండుసార్లూ దక్కదు. వాళ్ళు నవ్వాక మీరు నవ్వండి.

ఇది నచ్చి ఇంకోటి అడిగితే గుండమ్మ కథ (1962) పెట్టండి, అందులోనూ వేషం మార్చి ఇంట్లో దూరే వ్యవహారమే కాబట్టి పిల్లలకి ఇట్టే అందుతుంది. అప్పు చేసి పప్పు కూడు (1959) ఆ తర్వాత. పెళ్ళి చేసి చూడు (1952) కట్నాల గొడవ మీద నడుస్తుంది, ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలుంటే దాన్ని ఇంకో పండక్కి ఉంచుకోండి, చర్చ పెద్దదవుతుంది.